గెలిస్తేనే వినిపించే పాట

ఐస్ హాకీలో ఒక మర్యాద ఉంది. ఆట అయిపోగానే రెండు జట్లూ మంచు మీది నీలిగీతల వెంట ఎదురెదురుగా వరుసలు కట్టి నిలబడాలి. గెలిచిన దేశం జెండా పైకి లేస్తుంది, గెలిచిన దేశం పాట మోగుతుంది. ఓడినవాళ్లు హెల్మెట్లు చంకలో పెట్టుకుని, ముక్కు ఎగబీల్చుకుంటూ ఆ పాట చివరిదాకా వినాలి. ఐస్‌లాండ్ ఆడవాళ్ల జట్టు గోల్‌కీపర్ హల్‌బేరా ఈ మర్యాదను జట్టు పుట్టిన ఏడాది నుంచీ తు.చ. తప్పకుండా పాటిస్తూ వస్తోంది. వినేవాళ్ల వరుసలోనే.

అలా విని విని ఆమెకు పరాయి దేశాల పాటలన్నీ కంఠతా వచ్చేశాయి. అకురేరి ఊరి ఈతకొలనులో ఆమెది ఆడవాళ్ల స్నానాల గది చూసుకునే ఉద్యోగం. నేల తుడుస్తూ టర్కీ పాట కూనిరాగం తీస్తుంది, తువ్వాళ్లు మడతపెడుతూ కొరియా పాట అందుకుంటుంది. అన్నిటికన్నా స్పెయిన్ వాళ్ల పాటంటే ఇష్టం, దానికి మాటలే లేవు కాబట్టి తప్పు పోయే భయం లేదు. వసంతంలో ఆమె పోటీల నుంచి తిరిగొచ్చాక ఫలితం ఏమైందని ఊళ్లో ఎవరూ అడిగేవారు కాదు. ఈతకు వెళ్లి, ఆమె ఏ రాగం తీస్తోందో వింటే ఈసారి ఎవరు చితక్కొట్టారో తెలిసిపోయేది.

జట్టు చరిత్ర చెప్పుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటిసారి పోటీకి వెళ్తే స్టిక్కులున్న సంచి ఇంకో దేశానికి వెళ్లిపోయింది. ఎదుటి జట్టు దగ్గర అరువు తెచ్చుకుని ఆడారు. అక్కడి స్కోరుబోర్డులో ఒక్క అంకెకే చోటు ఉండేది. పదో గోల్ పడగానే బోర్డు మళ్లీ సున్నా చూపించింది. అది చూసి మనవాళ్లు కాసేపు తేరుకున్నారు కూడా. మరో ఏడాది సమానంగా ఆడి, చివరికి ఒక్కొక్కరుగా వెళ్లి గోల్ కొట్టే షాట్లలో ఓడారు. ఆ రాత్రి బస చేసిన హోటల్లో ఓడినవాళ్లు చేసిన గోల చూసి, గెలిచింది వీళ్లేనేమో అనుకుని యజమాని కేకు పంపించాడు. వీళ్లు వద్దనలేదు, తినేశారు.

ఈ కథ జరిగిన ఏడాది పోటీలు అకురేరిలోనే పెట్టారు. ఇక ఊరు ఊరంతా హాకీ పండితులైపోయింది. మా ఊళ్లో ఏ సంగతైనా తేలేది ఈతకొలను పక్కన ఆవిరి కక్కే వేడినీళ్ల తొట్టిలోనే. పైనుంచి మంచు కురుస్తుంటే మెడదాకా నీళ్లలో మునిగి ప్రపంచాన్ని సరిదిద్దడం మాకు అలవాటు.

"ఏం హల్‌బేరా, ఇవాళ టర్కీ వినిపించట్లేదే?" అన్నాడు గ్రిముర్, ఆ తొట్టిలోంచే. ఊరి మగవాళ్ల బృందగానానికి గురువు ఆయన. ఎనభై దాటినా గొంతు మాత్రం ఓడ కూతలా ఉంటుంది.

"టర్కీతో విసుగొచ్చింది. ఈసారి మన పాటే," అంది హల్‌బేరా, తొట్టి అంచు మీది మంచు చీపురుతో నెడుతూ.

"మన పాటా! ఓసి పిచ్చిదానా, అది మనుషులు పాడే పాటా? మొదట్లో నేలమాళిగలో ఉంటది, చివరికొచ్చేసరికి కొండెక్కి కూర్చుంటది. నలభై ఏళ్లు నేర్పాను, సగం మంది దారిలోనే జారిపడ్డారు. మనోళ్లకో రోగం, సంబరం రాగానే పై శ్రుతిలో ఎత్తుకుంటారు. ఇక ఆ పైన పోవడానికి చోటేది?"

"నేను పాడతానన్నానా ముసలోడా? వింటానన్నాను."

మా దేశంలో అధ్యక్షుణ్ణి కూడా పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తాం. అలాంటిది పాట పంతుల్ని ఎవరు లెక్కచేస్తారు? గ్రిముర్ కూడా పట్టించుకోలేదు. ఆయన పక్కన కళ్లు మూసుకుని ఉన్న ఉన్‌స్టెయిన్ మాత్రం కళ్లు తెరిచాడు. పగలు కరెంటు పనులు, సాయంత్రం జట్టుకు కోచ్, అదీ ఉన్‌స్టెయిన్ బతుకు.

హల్‌బేరా చీపురు ఆనించి నిలబడింది. "ఉన్‌స్టెయిన్, నీకు చెబుదామనే అనుకుంటున్నా. మోకాళ్లు ఇక నా మాట వినట్లేదు. పొద్దున్నే మెట్లు దిగుతుంటే మా ఆయన బోర్కుర్ లోపల్నుంచి 'ఎవరా తలుపు కిర్రుమనిపించేది' అంటాడు. ఈ పోటీలే ఆఖరు. ఆట మానేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గీత మీద నిలబడి మన పాట వినాలి. అంతే, ఇంకేం అడగను."

నీళ్లలో తేలుతున్న ఎయ్‌దీస్ లేచి కూర్చుంది. జట్టులో అందరికన్నా చిన్నది, గోల్స్ కొట్టేది ఆమే. హల్‌బేరా వయసులో సగం కూడా ఉండదు. "గెలుద్దాంలే హల్‌బేరా," అంది. "ఒక్క ఆటేగా."

"గెలవడం సరే, ఇంకో సంగతి. గెలిస్తే ఒక్కరూ నోరు తెరవకూడదు. పెదాలు కుట్టేసుకోండి. మీరు పాడితే నాకేం వినపడుద్ది, మీ గోలే వినపడుద్ది. ఇన్నేళ్లు పరాయోళ్ల పాటలు నోరు మూసుకుని విన్నాను. మనదీ అలాగే వినాలి, మొదటినుంచి చివరిదాకా."

"నా బృందం కూడానా?" గ్రిముర్ అదిరిపడ్డాడు. "ముప్పై మందిని తెస్తున్నానే ఆటకి!"

"ముందు నీవాళ్లకే చెప్పు."

సాయంత్రానికల్లా ఆ ఆజ్ఞ ఊరంతా పాకింది. హల్‌బేరా మొగుడు బోర్కుర్ ఊరి బస్సు నడుపుతాడు. ఎక్కినవాళ్లకల్లా చెప్పాడు: "గెలిస్తే ఎవరూ పాడొద్దంట. పాడినోళ్లని మా ఆవిడ మళ్లీ కొలనులోకి రానివ్వదు." పాడడం మానొచ్చుగానీ వేడినీళ్ల తొట్టి లేకుండా అకురేరిలో ఎలా బతకడం? అందరూ ఒప్పుకున్నారు.

పోటీలు మొదలైన రోజున చిక్కొకటి వచ్చిపడింది. ఆతిథ్యమిచ్చే దేశం కాబట్టి ప్రారంభంలోనే మన పాట వేస్తారట. హల్‌బేరాకు ఆ సంగతి తెలియగానే జట్టును వదిలేసి బయటికి పరుగెత్తింది. పెద్ద పెద్ద కాళ్ల ప్యాడ్లతో బాతులా నడుచుకుంటూ వెళ్లి, ముంగిట ఆగి ఉన్న మొగుడి బస్సెక్కి కూర్చుంది.

"తలుపెయ్యి. ఇంజన్ స్టార్ట్ చెయ్యి. రేడియో కూడా పెట్టు."

"ఏమైందే?"

"లోపల ఊరికే వేస్తున్నారు పాట. ఊరికే వచ్చింది నాకొద్దు."

బోర్కుర్ ఇంజన్ గుర్రుమనిపించి, రేడియోలో చేపల వేలం వార్తలు పెద్దగా పెట్టి, జేబులోంచి ఎండుచేప తీసి, వెన్న రాసి ఆమె చేతికిచ్చాడు. ఆమెను పెళ్లాడింది అతనే మరి, ఇలాంటివి అతనికి వింతగా ఉండవు. ఇద్దరూ చేప నములుతూ అద్దంలోంచి కురుస్తున్న మంచు చూస్తూ కూర్చున్నారు. లోపల పాట అయిపోయిందని ఎయ్‌దీస్ వచ్చి అద్దం తట్టాకే హల్‌బేరా దిగింది.

తర్వాత వరసగా పాత కథే. న్యూజిలాండ్ పాట విన్నది. స్పెయిన్ పాట విన్నది, దానికి మాటలు లేకపోయినా ఈసారి ఎందుకో అంత నచ్చలేదు. టర్కీ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడి వచ్చాక, మాస్కు తీయకుండానే బెంచీ మీద కూర్చుండిపోయింది. లోపల ఏడుస్తోందని అందరికీ తెలుసు. ఎవరూ దగ్గరికి వెళ్లలేదు, మాస్కు ఉన్నది అందుకే కదా అన్నట్టు. ఇక మిగిలింది క్రొయేషియాతో ఆట ఒక్కటే.

ఆ ఆటకు ముందురోజు మధ్యాహ్నం క్రొయేషియా జట్టు మొత్తం ఈతకొలనుకు వచ్చింది. పోటీలున్నా హల్‌బేరా తన పూట డ్యూటీ మానలేదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని. ఆ పిల్లలు ఈతదుస్తులు వేసుకుని, స్నానం చేయకుండా, షవర్ల ముందునుంచి మెల్లగా జారుకోబోయారు.

"ఆగండి!"

ఆ కేక విని ఇరవైమందీ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. చీపురు నిటారుగా పట్టుకుని ద్వారానికి అడ్డంగా నిలబడి ఉంది హల్‌బేరా. గోడ మీది బొమ్మ చూపించింది. మనిషి బొమ్మ, దాని మీద ఎక్కడెక్కడ సబ్బు రాసుకోవాలో ఎర్రగా గుర్తులు.

"అన్నీ విప్పి, ముందు కడుక్కోండి. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ కూడా. నీళ్లలో క్రిములు చచ్చే మందు ఎక్కువ కలపం మేము, మీ మురికి మాకొద్దు."

వాళ్ల కెప్టెన్ టిహానా, మనిషి తలుపంత ఎత్తు ఉంటుంది. "పొద్దున్నే హోటల్లో స్నానం చేశాం," అంది గడ్డం ఎత్తి.

"హోటల్లో భోంచేశావని ఇంట్లో తినడం మానేస్తావా? కడుక్కో."

టిహానా వెళ్లి ఏదో అయిందనిపించి తిరిగొచ్చింది. హల్‌బేరా ఆమె జుట్టు తాకి చూసింది, పొడిగా ఉంది. మళ్లీ పంపించింది. రెండోసారి వచ్చినప్పుడు టిహానా బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, సబ్బు వాసన గుప్పున కొట్టింది. "ఇప్పుడు పో తల్లీ, హాయిగా ఈదు," అంది హల్‌బేరా ఎంతో ప్రేమగా. ఆ పిల్లలకు ఈమె ఎవరో తెలియదు. ఈ పోటీల్లో దూరం నుంచి, మాస్కులోనే చూశారు మరి.

మర్నాడు ఆట జరిగే మంచు మందిరం కిక్కిరిసింది. మొదటి భాగంలో ఎయ్‌దీస్ ఒక గోల్ కొట్టింది, రెండో భాగంలో ఇంకోటి. రెండు సున్నా! ఆడేవాళ్లకే నమ్మకం కుదరలేదు. ఉన్‌స్టెయిన్ బెంచీ వెనక అటూ ఇటూ తిరుగుతూ, "బోర్డు చూడకండర్రా, బోర్డు చూడకండి," అంటూ తానే బోర్డు చూస్తున్నాడు.

ఆఖరిదైన మూడో భాగం సగమయ్యేసరికి పైన గ్యాలరీలో ముప్పైమంది మగాళ్ల గొంతులు పెదాలు విప్పకుండానే మెల్లగా ఏదో రాగం అందుకున్నాయి. పాడొద్దంది గానీ కూనిరాగం తీయొద్దనలేదు కదా అని గ్రిముర్ బృందం తెలివి. హల్‌బేరా చెవి అటు పడింది. అదేనా? అదే! మన పాటేనా? తల కొంచెం పైకెత్తిందో లేదో, పక్, ఆ నల్లటి రబ్బరు బిళ్ల, ఆమె మోకాలి పక్కనుంచి దూరి వలలో పడింది.

రెండు ఒకటి.

హల్‌బేరా గోల్ వదిలి ముందుకొచ్చి, స్టిక్కు పైకెత్తి జనం వైపు చూపించింది. "నోర్ముయ్యండి! గ్రిముర్, నిన్నే! ఇంకా గెలవలేదు, అప్పుడే సన్నాయి ఎందుకు?" రిఫరీ వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి పంపించింది. పైన గ్రిముర్ నోటికి మఫ్లర్ అడ్డం పెట్టుకున్నాడు. ముప్పైమందీ బడిపిల్లల్లా తల వంచుకున్నారు.

ఆఖరి నిమిషం. క్రొయేషియా తన గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి ఇంకో ఆటగత్తెను దింపింది. మందిరమంతా ఒకటే కేకలు. ఎయ్‌దీస్ కాలికింద పక్ జారింది, దాన్ని టిహానా అందుకుంది. అందుకున్నదే తడవు, మనవాళ్లందరినీ దాటేసింది. ఇక ముందు ఎవరూ లేరు. టిహానా, పక్, హల్‌బేరా. బోర్కుర్ కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్ల ఆశకు అడ్డం, ఇదిగో, తలుపంత ఎత్తున మీదికి దూసుకొస్తోంది. ఏం చేయాలో తోచక, హల్‌బేరా నోటికి రోజూ అలవాటైన కేకే బయటికొచ్చింది.

"ఆగు! ముందు కడుక్కో!"

టిహానా ఉలిక్కిపడింది. ఆ గొంతు! ఆమె కళ్లు మాస్కు వైపు ఎగిరాయి. అరక్షణం, అంతకన్నా ఎక్కువ కాదు, చేయి తడబడింది. కొట్టిన పక్ మంచు మీద మెత్తగా జారింది. హల్‌బేరా ఉన్నపళంగా దాని మీద బోర్లా పడింది. పొట్టకింద పక్ చల్లగా తగులుతోంది. పైన ఎవరెవరో వచ్చి పడ్డారు, మనవాళ్లో వాళ్లో తెలియలేదు. గంట మోగింది.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో హల్‌బేరా సరిగా చెప్పలేకపోయింది. ఎవరో ఆమెను ఎత్తారట, ప్యాడ్లతో సహా బరువు ఆగలేక దింపేశారట. ఎయ్‌దీస్ మెడకు వేలాడి ఏడుస్తోందట. చేతులు కలుపుకునే వరుసలో టిహానా ఆమె ముందు ఆగి, మాస్కు కిందికి వంగి చూసి, "నువ్వా! నిన్న కొలనులో ఉన్న రాకాసివి నువ్వేనా!" అంటూ పగలబడి నవ్విందట. ఓడిపోయి కూడా అలా నవ్వగలిగింది, మంచి పిల్ల.

ఆపైన అందరూ నీలిగీతల మీదికి వచ్చారు. మనవాళ్లకు ఎక్కడ నిలబడాలో తెలుసు, ఎలా నిలబడాలో తెలియలేదు. గెలిచినవాళ్లు ఏం చేస్తారో ఇన్నేళ్లు ఎదుటినుంచి చూశారు కాబట్టి, అలాగే భుజాల మీద చేతులు వేసుకున్నారు. మాట ఇచ్చినట్టే ప్రతి ఒక్కరూ పెదాలు బిగించారు. పైన జనమంతా లేచి నిలబడ్డారు. గ్రిముర్ మఫ్లర్ ఇంకా నోటిమీదే ఉంది. ఇంత సంబరంలో ఇంత నిశ్శబ్దం అకురేరిలో ఎన్నడూ లేదు. ఒక్క మనిషి కోసం ఊరు ఊరంతా నోరు మూసుకుని నిలబడింది. అది చూసి హల్‌బేరాకు కళ్లు చెమర్చాయి.

జెండా కదిలింది. స్పీకర్లలోంచి వాద్యాలు మెల్లగా మొదలయ్యాయి.

మొదటి స్వరం ఆమె విన్నది. రెండోది కూడా విన్నది. మూడోదాని దగ్గర ఆమె ఛాతీలో ఏదో కట్ట తెగింది. ఇన్నేళ్లు పరాయి పాటలు వింటూ మింగినదంతా పైకి పొంగింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. హల్‌బేరా పాడింది. పాడిందనడం కన్నా అరిచిందనాలి. అదీ ఎక్కడ ఎత్తుకుందనీ, గ్రిముర్ చెప్పిన రోగమే, చూరుకు తగిలేంత పైన!

జట్టంతా తల తిప్పి చూసింది. ఎయ్‌దీస్ ఒక్క క్షణం ఆగి, ఇక ఆగలేక అందుకుంది. ఆ తర్వాత జట్టు, ఆ తర్వాత ఊరు. గ్రిముర్ మఫ్లర్ పీకి పారేసి, "కిందకి దించండే! కిందకి దించండి, చచ్చిపోతాం!" అని అరిచాడు. ఎవరు వింటారు? చివరికి ఆ కొండంత స్వరం రానే వచ్చింది. దాన్ని అందుకోబోయి కొందరి గొంతు చీరుకుపోయింది, కొందరిది కోడికూతైంది, కొందరు దారిలోనే దిగబడి నవ్వడం మొదలుపెట్టారు. హల్‌బేరా కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బించి, లేని స్వరాన్ని పట్టుకుని వేలాడింది. ఎదుటి గీత మీద క్రొయేషియా పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతూ స్టిక్కులతో మంచు మీద తాళం వేశారు. స్పీకర్లో పాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు.

జనం వెళ్లిపోయాక ముందు వసారాలో ఉన్‌స్టెయిన్ నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాడు. ఆట మానేసే గోల్‌కీపర్ మాస్కు గోడకు తగిలించడం క్లబ్బు ఆనవాయితీ. పొద్దున్నే కొత్త మేకు కొట్టి ఉంచాడు. ఎయ్‌దీస్ ముక్కు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. కాఫీ కప్పులు పట్టుకుని బోర్కుర్ వచ్చాడు.

"ఇవ్వు హల్‌బేరా," అన్నాడు ఉన్‌స్టెయిన్, చేయి చాపి.

ఆమె మాస్కు రెండు చేతులతో పట్టుకుంది.

"విన్నావా మరి?" అడిగాడు బోర్కుర్. "ఎలా ఉంది?"

హల్‌బేరా ఆలోచించింది. తన అరుపు విన్నది. ఎయ్‌దీస్ వెక్కిళ్లు విన్నది, గ్రిముర్ శాపనార్థాలు విన్నది, స్టిక్కుల చప్పుడు విన్నది. ఇంతకన్నా సంతోషం తన జన్మలో ఎరగదు. కానీ పాట?

"రెండు స్వరాలు," అంది నెమ్మదిగా. "రెండంటే రెండే విన్నా బోర్కుర్. మిగతాదంతా నా గోలే."

"నోరు మూసుకోమని ఊరందరికీ చెప్పింది నువ్వే కదే!"

"నాకు చెప్పుకోవడం మర్చిపోయా."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు ఎయ్‌దీస్ నవ్వింది. ఆ తర్వాత హల్‌బేరా గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు కారేలా నవ్వింది. నవ్వు ఆగాక కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, మాస్కు తిరిగి నెత్తిన పెట్టుకుంది.

"వచ్చే ఏడు పోటీలెక్కడ?"

"టర్కీలో అంటున్నారు," అన్నాడు ఉన్‌స్టెయిన్. "మరి మోకాళ్లో? ఈ మేకు ఏం చేయను నేను?"

"నీ కోటు తగిలించుకో."